గోదావరి వంతెన, రైలు కిటికీ, ఒక పాట

నమస్కారమండి. నాకు వారానికి రెండు మూడు ఫోన్లు ఒకే ప్రశ్నతో వస్తాయి. "అన్నా, గోదావరి మీద పాట తీస్తున్నాం, ఏ డ్రోన్ తీసుకోమంటావు?" ఏం పాట అని అడిగితే, ఇంకా ట్యూన్ కాలేదంటారు. లొకేషన్ మాత్రం ఖాయమైపోయి ఉంటుంది. దిండి, కొబ్బరి తోట, నాటు పడవ, పొద్దుగూకే వేళ.

కోనసీమ అందంగా ఉంటుంది కాబట్టి ఇక్కడ తీసిన పాట దానంతటదే అందంగా వచ్చేస్తుందని మనవాళ్ల నమ్మకం. లొకేషన్‌నే స్టైల్ అనుకుంటున్నాం. ఈ ఒక్క పొరపాటు నన్ను ఎంత బాధపెడుతుందో చెప్పలేను. మ్యూజిక్ వీడియో డైరెక్షన్లోకి రావాలని నిజంగా తపన పడే కుర్రాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, వాళ్ల డబ్బంతా డ్రోన్ అద్దెకే పోతోంది.

పోయిన సంక్రాంతికి సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డాను. ఒక టీమ్ పాట తీస్తోంది. హీరో హీరోయిన్లు పంటు కమ్మీ పట్టుకుని నిలబడ్డారు, డ్రోన్ మూడుసార్లు పైకెళ్లి వచ్చింది. అరగంట చూశాను. ఒక్కసారి కూడా పాట వినిపించలేదు. స్పీకర్ లేదు, ఫోన్లో కూడా పెట్టలేదు. అడిగితే "పాట ఎడిటింగ్‌లో వేసుకుంటాం" అన్నారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

[తెర మీద: రైలు కిటికీలోంచి గోదావరి, మధ్యలో వంతెన ఇనుప దూలాలు]

మీరందరూ ఎక్కిన రైలే ఇది. కొవ్వూరు నుంచి రాజమండ్రి, 1974 నాటి రోడ్డు రైలు వంతెన. పైన బస్సులు, కింద మనం. కిటికీ పక్క సీటు. దూలం, నీళ్లు, దూలం, నీళ్లు. చక్రాల చప్పుడూ కిటికీలో కనిపించేదీ కలిసి నడుస్తుంటాయి. అమ్మ మన చేతిలో రూపాయి పెట్టి గోదారమ్మకి దణ్ణం పెట్టుకుని వెయ్యమంటుంది, మనం రెండు దూలాల మధ్య సందు చూసి విసురుతాం. ఆ సందు కోసం మనం లెక్కపెట్టుకున్నాం చూడండి, అదే తాళం.

పాట అంటే రైలు. చక్రాల చప్పుడు బీటు. ఏ బీటుకి కిటికీలో ఏం కనిపించాలో ఒక మనిషి నిర్ణయించాలి. ట్యూను మ్యూజిక్ డైరెక్టర్‌ది, స్టెప్పులు డాన్స్ మాస్టర్‌వి, ఆ కిటికీ మాత్రం మ్యూజిక్ వీడియో డైరెక్టర్‌ది. మరి డ్రోన్? డ్రోన్ రైల్లో లేదు. బయట ఎగురుతోంది. నది మొత్తం చూస్తుంది గానీ చక్రాల చప్పుడు దానికి వినపడదు.

ఈ రైలు పోలిక నేను కల్పించుకున్నది కాదు. ఒకాయన దీన్ని అచ్చంగా తీసి చూపించాడు. ఫ్రాన్స్ డైరెక్టర్ మిషెల్ గోండ్రీ. 2002లో ద కెమికల్ బ్రదర్స్ అనే బ్యాండ్ పాట 'స్టార్ గిటార్'కి ఆయన తీసిన వీడియో మొత్తం ఒక రైలు కిటికీ. మనుషుల నాట్యం లేదు, కథ లేదు. స్తంభాలు, ఇళ్లు, వంతెనలు, గోదాములు వెళ్తుంటాయి. మొదట ఏదో ప్రయాణం వీడియోలా ఉంటుంది. కాసేపటికి ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే డ్రమ్ము కొట్టిన ప్రతిసారీ అదే స్తంభం వస్తోంది! ఒక శబ్దం మళ్లీ వస్తే దాని ఇల్లు మళ్లీ వస్తుంది. కొత్త వాయిద్యం మొదలైతే కిటికీలో కొత్త వస్తువు మొదలవుతుంది.

ఆయన నీమ్, వలాన్స్ అనే ఊళ్ల మధ్య ఒకే దారిలో పలుమార్లు రైల్లో తిరిగి షూట్ చేసి, తర్వాత కంప్యూటర్లో ముక్కలు పేర్చాడు. దానికి ముందు ప్లానింగ్ ఎలా చేశాడో తెలుసా? నారింజలు, ఫోర్కులు, క్యాసెట్లు, గ్లాసులు వరసగా పెట్టుకుని, ఏ శబ్దానికి ఏ వస్తువో చూసుకున్నాడు. దీనికి డ్రోన్ కావాలా? మన వంటింట్లో నిమ్మకాయలు, కొబ్బరి చిప్పలు చాలు.

ఇది ఆయనకే ఎందుకు తట్టిందంటే, గోండ్రీ ముందు డ్రమ్మర్. సొంత బ్యాండ్‌కి తనే వీడియోలు తీసుకునేవాడు. వాటిలో ఒకటి గాయని బ్యోర్క్ కంట పడింది, 1993లో ఆమె పాట 'హ్యూమన్ బిహేవియర్' వీడియో ఆయన చేతికి వచ్చింది. డ్రమ్మర్ కాబట్టి ఆయన పాటని విడి విడి వాయిద్యాలుగా వింటాడు. 1997లో డాఫ్ట్ పంక్ అనే బ్యాండ్ పాట 'అరౌండ్ ద వరల్డ్'లో ఒక్కో వాయిద్యానికి ఒక్కో గుంపుని పెట్టాడు. గిటార్‌కి అస్థిపంజరాలు, డ్రమ్ మెషీన్‌కి మమ్మీలు, పాడే గొంతుకి రోబోలు, బేస్‌కి, అంటే అడుగున మోగే బరువైన స్వరానికి, మెట్లు ఎక్కి దిగే పొడుగు మనుషులు. బేస్ స్వరం పైకి వెళ్తే వాళ్లు మెట్లెక్కుతారు, కిందకి వస్తే దిగుతారు. సంగీతం రాని నాలాంటి వాడికి ఆ వీడియో చూశాకే బేస్ విడిగా వినపడటం మొదలైంది. మన గరగ నృత్యంలో ఒక్కో డప్పుకి ఒక్కో వరస కదిలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎవరైనా చేస్తే బాగుండును.

అందరూ కిటికీలోంచే చూడాలని లేదు. స్పైక్ జోన్జ్ అనే డైరెక్టర్ ఎదురు సీట్లో కూర్చున్న మనిషిని చూస్తాడు. ఆయన స్కేట్‌బోర్డ్ కుర్రాళ్ల ఫొటోలు తీస్తూ వచ్చినవాడు, ఒంటి కదలిక మీదే ఆయన ధ్యాస. 'వెపన్ ఆఫ్ చాయిస్' అనే పాటలో సూటు వేసుకున్న నటుడు క్రిస్టఫర్ వాకెన్ ఖాళీ హోటల్ లాబీలో ఒక్కడే డాన్స్ చేస్తాడు. అంతే. లొకేషన్ అంటే కుర్చీలు, లిఫ్టు. అయినా చూపు తిప్పలేం.

ఇక్కడ నన్ను ఆపి "మరి డైరెక్టర్ తర్సేమ్ సింగ్ లొకేషన్ల మీదే బతికాడు కదా" అంటారు కొందరు. జలంధర్‌లో పుట్టిన మనవాడు. 'ద ఫాల్' సినిమా 20కి పైగా దేశాల్లో తీశాడు, నిజమే. కానీ ఆయనకి పేరు తెచ్చింది 1991లో ఆర్.ఈ.ఎం. అనే బ్యాండ్ పాట 'లూజింగ్ మై రిలీజియన్'. అందులో దేశాలూ లేవు, నదులూ లేవు. ఒక గది, ఒక కిటికీ, కొందరు మనుషులు దేవుడి పటాల్లోలా నిలబడి ఉంటారు. మన ఇళ్లల్లో గోడకి వేలాడే కేలండర్ బొమ్మలు, ఇటలీ చిత్రకారుల వెలుగునీడలు ఒకే ఫ్రేములో కలిశాయి. ఆ ఏడాది పాటల టీవీ ఛానల్ ఎంటీవీ ఇచ్చిన ఉత్తమ వీడియో అవార్డు దానికే. మొదట ఒక గదిలో కూర్చుని పటం కట్టడం నేర్చుకున్నాడు, తర్వాత దేశాలు తిరిగాడు.

మనకీ అలాంటి మనిషి లేకపోలేదు. నరసాపురంలో 1933లో పుట్టిన బాపు గారు. ముందు బొమ్మలు, తర్వాత సినిమా. షాట్లు ముందే బొమ్మలుగా గీసుకుని షూటింగ్‌కి వెళ్లేవారు. గోదావరి ఆయన పాటల్లో అందంగా ఉందంటే, ఫ్రేములో ఆ నీళ్లు ఎంత ఉండాలో కాగితం మీద ముందే తేలిపోయింది కాబట్టి.

టైమ్ అయిపోతోంది, మిగిలినవాళ్లని గబగబా చెప్పేస్తాను. 1981లో మొదలైన ఎంటీవీ 1992 చివరి దాకా పాట వివరాల్లో డైరెక్టర్ పేరు వెయ్యలేదు. అందుకే హాలీవుడ్ డైరెక్టర్ డేవిడ్ ఫించర్ గాయని మడోన్నా పాటలు తీశాడని ఇప్పటికీ చాలామందికి తెలియదు. 1990లో 'వోగ్', నలుపు తెలుపులో, వెలుగు కత్తితో కోసినట్టుంటుంది. రెండేళ్లకే మొదటి సినిమా. హైప్ విలియమ్స్ అనే డైరెక్టర్ ఏకంగా కిటికీ అద్దమే మార్చేశాడు, అంచులు వంచేసి చూపించే ఫిష్ ఐ లెన్స్. 1997లో మిస్సీ ఎలియట్ 'ద రెయిన్' చూడండి. డైరెక్టర్ మార్క్ రోమనెక్ 'హర్ట్' పాటలో ముసలి గాయకుడు జానీ క్యాష్‌ని ఆ గాయకుడి ఇంట్లోనే కూర్చోబెట్టి, మధ్యలో ఆయన పడుచుదనం నాటి పాత ఫుటేజ్ వేశాడు. రైలు వెనక్కి నడిచినట్టు ఉంటుంది. దాని గురించి విడిగా ఒక వీడియో చెయ్యాలి.

ఒక పని చెప్పి వెళ్తాను. ఈసారి కొవ్వూరు దాటేటప్పుడు చెవిలో మీ పాట పెట్టుకుని, ఫోన్ కిటికీకి ఆనించి, కదపకుండా వంతెన అయ్యేదాకా తీయండి. ఇంటికెళ్లి పాటతో కలిపి చూడండి. ఎక్కడ దూలం బీటు మీద పడిందో, ఎక్కడ తప్పిందో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం ఫొటో నాకు పంపండి, డ్రోన్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.