హీత్రో ఎయిర్‌పోర్టు పుట్టిందే ఒక అబద్ధంతో! ఇప్పుడు పక్క ఊరి వంతు

నమస్కారం అండీ. లండన్ హీత్రోలో మూడో రన్‌వే గొడవ మళ్లీ రాజుకుంది కదా. 2025 జనవరిలో బ్రిటన్ ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ పచ్చజెండా ఊపిన దగ్గర్నుంచి అందరిదీ ఒకటే పాట: ఉద్యోగాలు, వ్యాపారం, అభివృద్ధి. ఆ రన్‌వే వస్తే సగానికి సగం పోయే హార్మండ్స్‌వర్త్ అనే ఊరి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. పైగా అక్కడివాళ్లు మొండివాళ్లట, ప్రభుత్వం మాట నమ్మరట. ఎందుకు నమ్మాలండీ? ఆ ఎయిర్‌పోర్టు పుట్టిందే అబద్ధంతో!

హైదరాబాద్‌లో ఫ్లైట్ ఎక్కి మన పిల్లలు నేరుగా దిగే చోట ఒకప్పుడు హీత్రో అనే పల్లె ఉండేది. అది ఈ హార్మండ్స్‌వర్త్ పరిధిలోదే. సారవంతమైన నేల, కూరగాయల తోటలు, పళ్లతోటలు, సరుకంతా లండన్ మార్కెట్‌కి. 1944లో వచ్చి ఖాళీ చేయమన్నారు. యుద్ధం జరుగుతోంది, దూరం వెళ్లే విమానాలకు వైమానిక దళానికి స్థావరం కావాలి అన్నారు. యుద్ధం అన్నాక ఎవడు నోరెత్తుతాడు? ఇళ్లు కూల్చేశారు. తీరా చూస్తే 1946 జనవరి 1కల్లా అది పౌర విమానాశ్రయం!

ఇది నా ఊహ అనుకునేరు. అప్పటి వైమానిక శాఖ సహాయ మంత్రి హెరాల్డ్ బాల్ఫర్ 1973లో తన ఆత్మకథలో స్వయంగా ఒప్పుకున్నాడు. ఆ భూమిని పౌర విమానయానం కోసం హైజాక్ చేశానని రాశాడు. హైజాక్ అనేది ఆయన వాడిన మాటే! మరీ పెద్ద మాట అనుకుంటే, కేబినెట్ కమిటీని మోసం చేశానన్న చిన్న నేరమైనా ఒప్పుకుంటాను అన్నాడు. అంటే యుద్ధకాలపు అధికారాలను అడ్డం పెట్టుకుని, బహిరంగ విచారణ లేకుండా ఊరు లాగేసుకున్నారన్నమాట. అబద్ధమండీ, పచ్చి అబద్ధం.

ఇక నా థియరీ వినండి. ఇప్పుడు అంత తేలిగ్గా కూల్చడం కుదరదు, కోర్టులున్నాయి. అందుకే నాన్చి చంపుతున్నారు. ఉత్తరం వైపు విస్తరించి ఈ ఊళ్లను మింగే ప్లాన్ 1946లోనే ఉంది, 1952లో ఆపారు. 2009లో మూడో రన్‌వేకి సరే అన్నారు, 2010లో కొత్త ప్రభుత్వం వద్దంది. 2018లో పార్లమెంటు ఔనంది, 2020 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు కాదంది, అదే ఏడాది డిసెంబర్‌లో సుప్రీం కోర్టు మళ్లీ ఔనంది. ఇలాంటి చోట ఇల్లు ఎవరు కొంటారు? పక్కనున్న సిప్సన్‌లో ఎయిర్‌పోర్టు యజమానులే బోలెడు ఇళ్లు కొని అద్దెకిచ్చారు. పాతవాళ్లు వెళ్లిపోయాక ఊరి తరఫున పోట్లాడేదెవరు? బుల్డోజర్ రాకముందే సగం పని అయిపోయింది!

పోనీ హార్మండ్స్‌వర్త్ ఏమీ లేని ఊరా అంటే, 1086లో ఇంగ్లండ్ రాజు చేయించిన భూముల లెక్క, అదే డూమ్స్‌డే సర్వేలోనే దాని పేరుంది. చర్చి ద్వారం పన్నెండో శతాబ్దపుది. కాక్స్ ఆరెంజ్ పిప్పిన్ అని ఇంగ్లీషువాళ్లు ప్రాణం పెట్టే యాపిల్ ఉంది కదా, దాన్ని పక్క ఊళ్లో పండించిన రిచర్డ్ కాక్స్ సమాధి ఈ చర్చి ఆవరణలోనే ఉంది. ఆయన వృత్తి బీరు తయారీ, పేరు తెచ్చింది యాపిల్! ఊరి మధ్య చిన్న పచ్చిక మైదానం, దగ్గర్లోనే రెండు పబ్బులు, నెత్తిన విమానాల మోత.

ఈ ఊళ్లోని పాత ధాన్యం కొట్టం కథ ఇంకా ఘోరం. 1426 ప్రాంతంలో వించెస్టర్ కాలేజీ కట్టించింది. 58 మీటర్ల పొడవు, అంతా ఓక్ కలప. కవి జాన్ బెట్జమన్ దాన్ని మిడిల్‌సెక్స్ కెథడ్రల్, అంటే ఆ జిల్లాకే పెద్ద చర్చి అన్నాడు. అలాంటిదాన్ని 2006లో జిబ్రాల్టర్ కంపెనీ ఒకటి ఎంతకు కొన్నదో తెలుసా? ఒక్క పౌండుకి! రన్‌వే వస్తే నష్టపరిహారం దండుకోవచ్చన్న లెక్క అది అని వార్తలొచ్చాయి. కొట్టం పాడుబడుతూ ఉండగా చివరికి పాత కట్టడాలను కాపాడే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ 20,000 పౌండ్లు పోసి విడిపించింది.

ప్లాన్ ప్రకారం సుమారు 750 ఇళ్లు పోతాయి, దగ్గర్లోని లాంగ్‌ఫర్డ్ ఊరైతే మొత్తం మాయం. మార్కెట్ ధర మీద 25 శాతం ఎక్కువిస్తాం అంటున్నారు. బోరిస్ జాన్సన్ గుర్తున్నాడా? బుల్డోజర్లకు అడ్డంగా పడుకుంటా అన్నాడు 2015లో. 2018 జూన్‌లో ఓటింగ్ వచ్చింది, 415-119తో రన్‌వే నెగ్గింది. ఆయనెక్కడ? విదేశాంగ మంత్రి హోదాలో అఫ్గానిస్తాన్‌లో! ఈసారి ఏ నాయకుడైనా ఊరికి అండగా ఉంటానంటే, ముందు ఇదొక్కటి అడగండి: ఓటింగ్ రోజు ఏ దేశంలో ఉంటారు సార్?