మ్యాటర్ వేరు, థ్రెడ్ వేరు

నమస్కారమండీ. మొన్న మా బావ విజయవాడ నుంచి ఫోన్ చేశారు. "డబ్బా మీద మ్యాటర్ అనే గుర్తు ఉంది, నా స్మార్ట్ స్పీకర్‌కీ మ్యాటర్ ఉంది. మరి మనిషి కదిలితే పసిగట్టే ఈ మోషన్ సెన్సర్ దానికి ఎందుకు కలవట్లేదురా?" అని. ఇదే ప్రశ్న నన్ను అడిగిన మూడో మనిషి ఆయన. కొనేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పట్లేదు, అందుకే ఈ వీడియో.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మన ఇంట్లోని స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు, సెన్సర్లు, స్పీకర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి మ్యాటర్ అనేది భాష. థ్రెడ్ అనేది ఆ మాట వెళ్లే వైర్‌లెస్ దారి.

ముందు భాష సంగతి. ఇన్నాళ్లూ ఒక్కో కంపెనీ బల్బుది ఒక్కో భాష. మీరు హాల్లో కూర్చుని "లైటు వెయ్యి" అంటే ఆ మాట స్పీకర్ కంపెనీ సర్వర్‌కి, అక్కడి నుంచి బల్బు కంపెనీ సర్వర్‌కి, మళ్లీ మీ ఇంటికి వచ్చేది. ఎదురుగా ఉన్న బల్బుతో మాట్లాడటానికి ఎక్కడో ఊళ్లో ఇద్దరు దుబాసీలు! నెట్ పోతే దుబాసీలు లేరు. కంపెనీ సర్వర్ మూసేస్తే మన డబ్బుతో కొని బిగించుకున్న వస్తువు మూగదైపోతుంది. ఇది అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతాను.

2019 డిసెంబరులో అమెజాన్, యాపిల్, గూగుల్, ఇంకా జిగ్బీ అనే పాత వైర్‌లెస్ పద్ధతిని చూసుకునే కంపెనీల కూటమి జిగ్బీ అలయన్స్ కలిసి ఉమ్మడి భాష తయారుచేస్తామని ప్రకటించాయి. 2022 అక్టోబరులో మ్యాటర్ 1.0 వచ్చింది. ఇక దుబాసీలు అక్కర్లేదు. మాట ఇల్లు దాటకుండానే బల్బుకి చేరుతుంది. మీ గొంతుని అర్థం చేసుకోవడానికి స్పీకర్‌కి నెట్ కావాల్సి రావచ్చు గానీ, సెన్సర్ చూసి లైటు వెయ్యడానికి అక్కర్లేదు.

సరే, భాష ఒకటైంది. కానీ మనిషి మీ దాకా రావాలంటే దారి ఉండాలి కదా!

మ్యాటర్ మూడు దారుల్లో నడుస్తుంది: వైఫై, ఈథర్నెట్ కేబుల్, థ్రెడ్. వైఫై తారురోడ్డు లాంటిది, వేగం ఎక్కువ, ఖర్చయ్యే కరెంటూ ఎక్కువ. చిన్న బ్యాటరీతో నెలల తరబడి నడవాల్సిన సెన్సర్‌కి అది బరువు. అందుకే అలాంటివి చాలావరకు థ్రెడ్ అనే సన్నటి మట్టిరోడ్డు పట్టుకుంటాయి. ఆ మట్టిరోడ్డు తారురోడ్డుని కలిసే సెంటర్ ఒకటి మీ ఇంట్లో ఉండాలి. దాని పేరు బోర్డర్ రౌటర్. యాపిల్ హోమ్‌పాడ్ మినీలో, అమెజాన్ నాలుగో తరం ఎకోలో, గూగుల్ రెండో తరం నెస్ట్ హబ్‌లో అది ఉంది. మా బావ స్పీకర్‌కి భాష వచ్చు, సెంటర్ లేదు. సెన్సర్ మట్టిరోడ్డు చివర నిలబడిపోయింది, అంతే.

ఇంకో మాట. కరెంటు మీద నడిచే థ్రెడ్ ప్లగ్గులు, బల్బులు మాటని ఒకదాని నుంచి ఇంకోదానికి అందిస్తూ ఆ దారిని పొడిగిస్తాయి. బ్యాటరీవి ఆ పని చెయ్యవు. మనం అలవాటుగా గోడ స్విచ్ ఆపేస్తే బల్బుతోపాటు దారి కూడా తెగుతుంది. అందుకే మధ్యలో బల్బు కన్నా ప్లగ్ పెట్టుకోండని చెప్తాను.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. రెండు కంపెనీల బోర్డర్ రౌటర్లు పెడితే ఒక్కోసారి రెండు వేర్వేరు దారులు ఏర్పడతాయి. 2024లో వచ్చిన థ్రెడ్ 1.4 దీన్ని సరిచెయ్యడానికే, అప్‌డేట్లు ఆపకండి. పాత జిగ్బీ బల్బుల్ని పారెయ్యకండి, మ్యాటర్‌కి కలిపే బ్రిడ్జ్ ఉంటే చాలు. ఫిలిప్స్ హ్యూ బ్రిడ్జ్ అలాంటిదే.

ఒకే బల్బు గూగుల్ యాప్‌లోనూ యాపిల్ యాప్‌లోనూ ఉండొచ్చు. దానికోసం రీసెట్ చెయ్యకండి! రీసెట్ చేస్తే మొదటి యాప్‌లోంచి పోతుంది. మొదటి యాప్‌లోకే వెళ్లి, ఆ బల్బు సెట్టింగుల్లో కొత్త కోడ్ తీసుకుని రెండో యాప్‌లో కొట్టండి. బల్బు మీద స్టిక్కర్‌లో ఉండే 11 అంకెల కోడ్‌ని మాత్రం సీలింగ్‌కి బిగించకముందే ఫొటో తీసి పెట్టుకోండి.