మదుపులయినా రానేదు బావూ
(పలాసలో గ్రంథాలయ వారోత్సవాల సభలో ప్రసంగం)

అందరికీ నమస్కారం. నన్ను ‘పెట్టుబడి’ మీద మాట్లాడమన్నారు. ఏ షేరు కొనాలో చెబుతానని వచ్చినవాళ్లుంటే ఇప్పుడే వెళ్లి టీ తాగి రావచ్చు, నేనేమీ అనుకోను.

ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నాను. పంట సరిగా రాని ఏడు రైతులు లోను దగ్గరకొచ్చి అనే మాట ఒకటే: ‘మదుపులయినా రానేదు బావూ!’ విత్తనం, దమ్ము, ఉభాల (వరి నాట్ల) కూలి, ఎరువు, కోత... మడిలోకి వెళ్లినదంతా మదుపే. షేర్లు కొనేవాణ్ణి పత్రికలవాళ్లు ‘మదుపరి’ అన్నారు. తప్పు లేదు. కానీ మడిగట్టు దాటేసరికి ఆ మాట కాళ్ల బురద కడిగేసుకుంది.

పెట్టుబడికి తోబుట్టువులు దిగుబడి, రాబడి. పెట్టింది ఎక్కడో పనిచేయాలి, అప్పుడే ఏదైనా దిగుతుంది. మనమేమో కొత్త బండి కొన్నా పెట్టుబడే అంటున్నాం, ఉద్యోగం కోసం ఎవరికో ముట్టజెప్పినా పెట్టుబడే అంటున్నాం.

మొన్న మా వీధి కుర్రాడు ‘ఇన్వెస్ట్ చేశాను తాతా’ అని ఫోను చూపించాడు. చూస్తే ఆప్షన్స్! ధర పెరుగుతుందో తగ్గుతుందో అని డబ్బు కట్టే ఒప్పందాలు, అందులోనూ వారం తిరక్కుండా గడువు తీరిపోయే బాపతు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఇలాంటి ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారని షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీయే లెక్క తేల్చింది. అక్కడ ఒకడికొచ్చేది ఇంకొకడి జేబులోదే. మడి ఏదీ? మా ఊళ్లో దాన్ని పందెం అంటారు.

నాకేదో మొదట్నించీ తెలివుందనుకోకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో టేకు మొక్కల పేరు చెప్పిన ఒక కంపెనీకి 5,000 రూపాయలు కట్టాను. దళసరి కాగితం మీద సర్టిఫికెట్ ఇచ్చారు, పైన పచ్చటి చెట్టు బొమ్మ. ఆ బొమ్మ తప్ప చెట్టు మాత్రం ఈనాటికీ చూడలేదు.

చెట్టు చూడాలంటే మన ఉద్దానం ఉంది. కొబ్బరి మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్లు పడుతుంది, ఆనక కొడుకులూ మనవలూ తింటారు. అలాంటి తోటల్ని, జీడితో సహా, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో నేలకేసి కొట్టింది. అంతమాత్రాన అది మదుపు కాకుండా పోయిందా? నష్టపోయాడని రైతుని జూదగాడనలేం కదా.

పడిన చెట్లు కోయించి, మొద్దులు తీయించి, అదే గోతి పక్కన మళ్లీ మొక్క పెట్టినాయన ఇక్కడే రెండో వరసలో కూర్చున్నారు. మదుపెంతయిందో, మొదటి గెల ఎప్పుడు దిగిందో వేళ్ల మీద చెబుతారు. ఆ మైకు కాస్త ఆయనకివ్వండి.