బావ, బూటీలు, బాతు కాళ్ళు

(ఒంగోలులో మా ఇంటి పై గదిలో రికార్డు చేశాం. చప్పుడు రాకూడదని ఫ్యాన్ ఆపేశాం, అందుకే మధ్యమధ్యలో ఇద్దరం ఆయాసపడుతుంటాం.)

హోస్ట్: నమస్కారం. ఈరోజు నా పక్కన కూర్చున్నది మా బావ. పేరు వద్దు, ‘బావ’ అంటే చాలన్నాడు. సొంతూరు మైపాడు దగ్గర. ఈత నేర్చుకుంది మాత్రం సముద్రంలో కాదు.

బావ: బావిలో. ఎండు సొరకాయ బుర్ర నడుముకి కట్టి మా నాన్న తోసేశాడు. ఇప్పుడు స్క్యూబా వాళ్ళు, అదే, గాలి సిలిండర్ తగిలించుకుని నీళ్ళ అడుగుకి దిగేవాళ్ళు, గాలి నింపే జాకెట్ వేసుకుంటారే, బీసీడీ అంటారు, అలాగ నాకు మొదటి బీసీడీ ఆ బుర్రే.

హోస్ట్: ఇప్పుడు వీలు దొరికినప్పుడల్లా అండమాన్‌కో పాండిచ్చేరికో పోయి స్క్యూబా చేసొస్తాడు. వచ్చే నెల నేనూ కోర్సుకి వెళ్తున్నా. కాళ్ళకి ఫిన్స్, అంటే ఈదడానికి పాదాలకి తొడుక్కునే బాతు కాళ్ళలాంటి రెక్కలు, కొందామని ఆన్‌లైన్‌లో చూస్తే తల తిరిగిపోయింది. అందుకని బావ మూడు జతలు గోతంలో వేసుకుని నెల్లూరు నుంచి బస్సులో దిగాడు.

బావ: పక్క సీటాయన కావలి దాకా చూసి చూసి, ‘ఏ బండి మడ్‌గార్డులయ్యా ఇవి’ అనడిగాడు.

హోస్ట్: సరే, సూటిగా అడుగుతా. వీటిలో ఏది స్పీడుగా పోతుంది?

బావ: ఇక్కడే పప్పులో కాలేశావు. స్పీడుతో నీకేం పనిరా? కింద ఏమన్నా పందెం పెట్టారా? కాళ్ళు గట్టిగా కొట్టేకొద్దీ రొప్పు వస్తుంది, సిలిండర్ తొందరగా ఖాళీ అవుతుంది. నిదానంగా పోయేవాడికే గాలి మిగులుతుంది. కొనేటప్పుడు నేను ముందు చూసేది రెక్క కాదు, పాదం దూర్చే చోటు. ఇంద, ఇది తొడుక్కో.

(రబ్బరు కీచుమన్న చప్పుడు)

హోస్ట్: దూరట్లేదు బావా.

బావ: పొడి కాలికి దూరదు. ఆ చెంబులో నీళ్ళు పాదం మీద పోసుకో. ఇప్పుడు మడమ దగ్గర రబ్బరు వెనక్కి మడిచి, వేళ్ళు లోపలికి తోసి... ఆ, ఇప్పుడు ఆ మడత మడమ మీదకి లాగు.

హోస్ట్: ఎక్కింది.

బావ: కాలు పైకెత్తి ఊపు. మడమ జారుతోందా?

హోస్ట్: లేదు. చిటికెన వేలు మాత్రం నొక్కుకుంటోంది.

బావ: అయితే నీకు వద్దు. కుర్చీలో కూర్చుంటేనే రెండు నిమిషాల్లో నొక్కితే, నీళ్ళలో ముప్పావు గంట కాలు ఆడిస్తే ఏం మిగులుతుంది? నా సంగతి విను. మొదటిసారి చెప్పుల సైజు చెప్పి ఒక కొట్లో కొన్నా. మడమ దగ్గర ఒరుసుకుంటోందంటే ‘నీళ్ళలో లూజవుతుంది సార్’ అన్నాడు కొట్టాయన. నేనూ సరేనన్నా. మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజుకి మడమ మీద రూపాయి బిళ్ళంత పొక్కు. మధ్యాహ్నానికి చిట్లింది. దాని మీద ఉప్పునీళ్ళు! మూడో రోజు అందరూ దూకారు, నేను పడవలో కాలు చాపుకుని కూర్చున్నా. పైకొచ్చిన ప్రతివాడూ ‘తాబేలు చూశాం’ అంటాడు. ఆ తాబేలు ఇప్పటికీ నాకు బాకీ.

హోస్ట్: ఇలా పాదమంతా మూసుకుపోయేదాన్నే ఫుల్ ఫుట్ అంటారు కదా?

బావ: అవును. ఉత్త కాలికి వేసుకునేది. తేలిక, చవక కూడా. మన వెచ్చటి నీళ్ళకి చాలు. కాకపోతే సైజు కుదిరితే కుదిరినట్టు, లేకపోతే లేదు. సర్దుకోవడం ఉండదు. ఈ రెండో రకం చూడు, వెనక తెరిచి పట్టీ ఉంది. ఇది ఓపెన్ హీల్. ముందు బూటీలు, అంటే నీళ్ళలో వేసుకునే మెత్తటి బూట్లు, వేసుకుని, ఆపైన ఇది తగిలించుకోవాలి.

హోస్ట్: వెచ్చటి నీళ్ళే అంటున్నావు, మళ్ళీ బూటీలెందుకు?

బావ: చలికి కాదు. ఎండకి కాలిన పడవ చెక్క మీద నిలబడాలా? తీరం నుంచి దిగితే రాళ్ళ మీద నడవాలా? నిచ్చెన మెట్లు అరికాలికి గుచ్చుకోవా? అందుకు. ఒక్కమాట, ఓపెన్ హీల్ కొనేటప్పుడు బూటీలు వెంట తీసుకుపోవాలి. మూడు మిల్లీమీటర్ల మందం బూటీకి సరిపోయింది అయిదు మిల్లీమీటర్లదానికి పట్టకపోవచ్చు. పాత రబ్బరు పట్టీలైతే ఎండకి పెళుసెక్కి సరిగ్గా దూకబోయే ముందే తెగుతాయి. నాదీ తెగింది. అప్పటినుంచి స్టీలు స్ప్రింగు పట్టీలు వాడుతున్నా. తడి చేత్తో కూడా ఒక్క లాగులో ఎక్కేస్తాయి.

హోస్ట్: మరి ఈ మూడోది? నల్లగా, బరువుగా, లారీ టైరు ముక్కలా ఉంది.

బావ: అది జెట్ ఫిన్ రకం. మధ్యలో కిటికీల్లాగా కన్నాలున్నాయి చూడు, వాటిలోంచి నీళ్ళు పోతాయి. స్క్యూబాప్రో కంపెనీ జెట్ ఫిన్ 1965లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. గుహల్లో, మునిగిన ఓడల్లో తిరిగేవాళ్ళకి ఇదంటే ప్రాణం.

హోస్ట్: అంత మోటుదానిలో ఏముంది?

బావ: పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నువ్వు తిప్పినట్టు తిరుగుతుంది. ఫ్రాగ్ కిక్ అని ఉంది, కప్ప తన్నినట్టు కాళ్ళు పక్కలకి తీసి దగ్గరికి తేవడం. మామూలుగా కాళ్ళు కిందికీ పైకీ కొడితే అడుగున ఒండ్రు లేచి వెనకొచ్చేవాడికి దారి కనపడదు. కప్ప తన్నుకి నీళ్ళు వెనక్కే పోతాయి, కిందికి పోవు. పగడాలు విరగవు. పాండిచ్చేరిలో ఒకరోజు నీళ్ళు ఎంత మసగ్గా ఉన్నాయంటే, ముందు మనిషి పసుపు ఫిన్ తప్ప ఇంకేమీ ఆనలేదు నాకు. అలాంటి చోట ఒకడు అడుగు రేపాడంటే అంతే, టీ గ్లాసులో పడ్డట్టే. జెట్ రకంతో కాళ్ళు తన్ని వెనక్కి పోవచ్చు, ఉన్నచోటే గిరగిరా తిరగచ్చు కూడా.

హోస్ట్: అయితే ఇదే కొనేస్తా.

బావ: ఆగరా అబ్బయా. జత ఎత్తి చూడు. రెండున్నర కిలోలకి తగ్గదు. విమానంలో చాలావాటికి పదిహేను కిలోలే కదా ఇచ్చేది, అందులో ఇవే ఎంత తిన్నాయో చూసుకో. ఇంకోటి, ఇది నీళ్ళలో మునుగుతుంది. చలిదేశాల్లో డ్రైసూట్, అంటే ఒంటికి తడి తగలనివ్వని సూట్, వేసుకునేవాళ్ళకి కాళ్ళు పైకి తేలతాయి కాబట్టి ఈ బరువు మేలు. సన్నటి సూట్ వేసుకున్న నీకు కాళ్ళు కిందికి వేలాడి, మనిషి ఏటవాలుగా ఈదుతాడు.

హోస్ట్: రెక్క మధ్యలో చీలి, చేప తోకలా ఉండేవి కూడా చూశానే?

బావ: స్ప్లిట్ ఫిన్స్. 1990ల చివర్లో బాగా ఊపందుకున్నాయి. తన్నినప్పుడు రెండు ముక్కలూ మెలి తిరిగి నీళ్ళని వెనక్కి నెడతాయి. కాలికి బరువు తెలియదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వాటిని వదలరు. కప్ప తన్నుకి మాత్రం పట్టు దొరకదు, వెనక్కి పోవడమైతే మర్చిపో. నాకు నచ్చవు. అయినా నా మోకాళ్ళు ఇంకా బాగున్నాయి కాబట్టి అంటున్నానేమో, పదేళ్ళాగి అడుగు.

హోస్ట్: మీటరు పొడుగున్నవీ ఉన్నాయి, కార్బన్ ఫైబర్‌వి.

బావ: అవి ఊపిరి బిగబట్టి దిగే ఫ్రీడైవింగ్ వాళ్ళవి. స్క్యూబాకి వద్దు. పడవలో వాటితో కూర్చుంటే పక్కవాళ్ళు తిడతారు.

హోస్ట్: అసలు ఇది కనిపెట్టిందెవరు?

బావ: పేటెంట్ అంటే 1933లో లూయి ద కోర్లియో అనే ఫ్రెంచి నేవీ అధికారి తీసుకున్నాడు. మన నేలపట్టు గూడబాతులకి ఆ కబురు అందలేదులే. మామూలు బాతుకి ముందు మూడు వేళ్ళకే పొర. గూడబాతుకి వెనక వేలితో కలిపి నాలుగింటికీ ఉంటుంది. సైజు, పట్టీ, ఏ టెన్షనూ లేదు దానికి.

హోస్ట్: చీమకుర్తి నుంచి ఒక శ్రోత అడిగాడు. పాత గ్రానైట్ క్వారీల్లో నీళ్ళు అద్దంలా ఉంటాయి కదా, అక్కడ ఫిన్స్ వేసుకుని ప్రాక్టీసు చెయ్యచ్చా అని.

బావ: వద్దు బాబూ. నిలువు గోడలు, ఎక్కి రావడానికి మెట్టుండదు, లోతెంతో తెలియదు. మైపాడు, కొత్తపట్నం అలల్లోనూ వద్దు. ఈతకొలనులో చెయ్యండి, పక్కన మనిషిని పెట్టుకుని.

హోస్ట్: మరి నన్నేం కొనమంటావు?

బావ: ఫిన్స్ కొనొద్దు.

హోస్ట్: ఇంతసేపు చెప్పి!

బావ: కోర్సులో వాళ్ళే ఇస్తారు. ఒకరోజు ఫుల్ ఫుట్ అడుగు, ఒకరోజు ఓపెన్ హీల్ అడుగు. పిక్క పట్టేసిందా, వేళ్ళు ఒరుసుకున్నాయా, సాయంత్రం రాసిపెట్టుకో. పిక్క పట్టేస్తే రెక్క నీ కాలికి మరీ గట్టిదై ఉండచ్చు. ఇప్పుడు డబ్బులు పెట్టాలంటే మాస్కుకి పెట్టు, అది ఒక్కొక్క మొహానికి ఒక్కోలా ఉంటుంది. కోర్సయ్యాక మామూలు రెక్క ఉన్న ఓపెన్ హీల్, ఒక మాదిరి గట్టిది, తేలికది తీసుకో. ఏయ్, ముందుకు నడవకు!

(దబ్బుమన్న చప్పుడు)

హోస్ట్: పడలేదు, పడలేదు. మైకు స్టాండు.

బావ: ఫిన్స్ వేసుకుని వెనక్కే నడవాలి. అసలు పడవ అంచుకి వచ్చాకే వేసుకోవాలి. పైకొచ్చేటప్పుడు నిచ్చెన చేతికి దొరికేదాకా విప్పకూడదు.

హోస్ట్: దీన్ని విప్పాక ఎలా దాచాలి?

బావ: మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టి, పడుకోబెట్టాలి. కొనల మీద నిలబెట్టకూడదు. ఆ తాబేలు జత ఉందే, దాన్ని ఒక వేసవంతా తలుపు మూల నిలబెట్టా. రెక్కలు వేయించిన అప్పడంలా వంకర తిరిగాయి.

హోస్ట్: పారేశావా?

బావ: మీ అక్క పారేయనిస్తుందా? మిద్దె మీద వడియాలు పెట్టినప్పుడు ఒకటి ఊపి కాకుల్ని తోలుతోంది.

హోస్ట్: రెండోది?

బావ: పక్కింటావిడ అడిగి తీసుకుపోయింది.