ఆల్టో స్లర్ సోప్రానో నెత్తిన ఎందుకు ఎక్కుతోంది?

యాంకర్: విజయవాడ స్టూడియోలో మాస్టారు సిద్ధంగా ఉన్నారు. గుంటూరు బ్రాడీపేట నుంచి కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం మాస్టారూ. మా చర్చి క్వైర్‌కి సోప్రానో, ఆల్టో, టెనార్, బాస్ అనే నాలుగు గొంతుల పాట మ్యూజ్‌స్కోర్‌లో, అదే స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్‌లో, రాస్తున్నానండి. పై గొంతు సోప్రానో, దాని కింద ఆల్టో. ఆల్టోకి పెట్టిన స్లర్, అంటే వేర్వేరు స్వరాల్ని కలిపే వంపు గీత, సోప్రానో నోట్ల మీదకి ఎక్కేస్తోంది. ప్రాక్టీసులో సోప్రానో పిల్లలు కూడా అక్కడ స్వరం దించేస్తున్నారు. క్రిస్మస్ దగ్గరికొచ్చేసింది, టెన్షన్‌గా ఉంది.

మాస్టారు: ఒక్క బార్, అంటే రెండు నిలువు గీతల మధ్య ముక్క, చదవండమ్మా.

కాలర్: 'కీర్తన'లో 'కీ' దగ్గరండి. సోప్రానోకి రెండు బీట్లూ సి స్వరమే. ఆల్టో మాత్రం జి నుంచి ఎఫ్‌కి దిగుతుంది. ఇద్దరి నోట్లూ ఒకే కాడకి కలిపి కార్డ్‌లుగా కొట్టి, సి-లకి టై, అంటే ఒకే స్వరాన్ని సాగదీసే గీత, పెట్టాను.

మాస్టారు: అదీ సంగతి. ఇద్దరినీ ఒకే వాయిస్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఒకే వరసలో, కూర్చోబెట్టారు. అప్పుడు స్లర్ మొత్తం కార్డ్‌కి పడుతుంది, అందులో ఒక్క నోటుకి పడదు. పైగా టై గీత, స్లర్ గీత చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పిల్లల తప్పేం లేదమ్మా, కాగితం మీద ఉన్నదే పాడుతున్నారు. సోప్రానోని వాయిస్ 1లో రెండు బీట్ల హాఫ్ నోట్ ఒక్కటిగా రాయండి. టై అవసరమే పోతుంది. మళ్లీ బార్ మొదటికి వచ్చి, వాయిస్ 2 ఎంచుకుని జి, ఎఫ్ ఒక్కో బీట్ క్వార్టర్ నోట్లుగా వేయండి. జి మీద క్లిక్ చేసి, స్లర్ కోసం ఎస్ కీ కొట్టండి. సోప్రానో స్టెమ్, అంటే నోటు కాడ, పైకి, ఆల్టో స్టెమ్‌లు కిందికి తిరుగుతాయి. ఆల్టో స్లర్ కూడా కిందికే పోతుంది.

కాలర్: ఇన్నాళ్లూ ఎక్స్ కొట్టి ఒక్కొక్కటే తిప్పుతున్నానండి!

మాస్టారు: ఎక్స్‌తో గీత తిరుగుతుంది గానీ, అది ఎవరిదో తేలదు. పాతవి డిలీట్ చేసి మళ్లీ పెట్టండి. ఓపిక కావాలి, కాదనను. టెనార్, బాస్‌లకీ ఇంతే.

కాలర్: స్లర్ కిందికొస్తే 'కీ' మీది గుడిదీర్ఘానికి ఆనుకోదా అండీ?

మాస్టారు: మంచి ప్రశ్న. ఇంగ్లీషు పాటకి సరిపోయిన దూరం మన అక్షరాలకి చాలదు. మనకి పైన గుడులు, కింద వత్తులు. ఫార్మాట్‌లో స్టైల్ తెరిచి, లిరిక్స్ దగ్గర స్టాఫ్‌కీ, అంటే నోట్లుండే అయిదు గీతలకీ, సాహిత్యానికీ మధ్య దూరం కాస్త పెంచండి. స్లర్‌ని మాత్రం చేత్తో లాగకండి.

కాలర్: చివర్లో సోప్రానో ఒక్కరే పాడే బార్ ఉందండి. అక్కడ స్టెమ్‌లు పైకి ఉన్నా స్లర్ కిందికి పడింది.

మాస్టారు: అది సరిగ్గానే ఉంది. ఒకే గొంతు ఉన్నప్పుడు స్లర్ స్టెమ్‌కి ఎదురువైపు, నోటు తల దగ్గరే ఉంటుంది. అక్కడ ఎక్స్ కొట్టకండమ్మా.