ఆర్డరు వచ్చిన మర్నాడు

(అనంతపురంలో వ్యాయామ ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. 800, 1500 మీటర్ల పరుగులో పతకాలు ఎలా వస్తాయో చెప్పమని నన్ను పిలిచారు. పతకాల కన్నా ముందు వయసు గురించి మాట్లాడాలి. మన పిల్లలు ఈ పరుగును వదిలేస్తున్నది సరిగ్గా అది చేతికి అందే వయసుకు ముందే.

పాఠశాల క్రీడల్లో అండర్-14 పిల్లలకు 600 మీటర్ల పందెం ఉంటుంది. అందులో మొదట వచ్చే పిల్లవాడికి చాలాసార్లు ఎనిమిదో తరగతిలోనే మీసం మొలిచి ఉంటుంది. తోటివాళ్ల కన్నా ముందు ఎదిగాడు కాబట్టి గెలిచాడు. రెండేళ్లకు మిగతావాళ్లూ ఎదుగుతారు, ఇతడు నాలుగో స్థానానికి జారతాడు. "వీడిలో పస అయిపోయింది" అని ఇంట్లో తేల్చేస్తారు. పీఈటీ మిత్రులారా, స్థానాలతో పాటు ఒక్కో రౌండుకు పట్టిన సమయం కూడా రాసి పెట్టుకోండి. పోయిన ఏడాది కన్నా మెరుగైన పిల్లవాడు నాలుగో స్థానంలో ఉన్నా అతడిని వదులుకోవద్దు.

రెండు రౌండ్లే కదా, ఊపిరి బిగబట్టి ఉరికితే చాలనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. 800 మీటర్లకు కావలసిన శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు, పీల్చిన ప్రాణవాయువును వాడుకోవడం వల్లే వస్తుంది. 1500 మీటర్లలో ఆ వాటా ఇంకా ఎక్కువ. గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపేలా తయారవడం, కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరగడం ఏళ్ల మీద జరిగే పని. జిల్లా పోటీలకు నెల ముందు రోజూ ప్రాణం తోడేసేలా పరుగెత్తిస్తే ఆ పని జరగదు, మోకాళ్లు మాత్రం పాడవుతాయి.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. రజస్వల అయ్యాక నెలనెలా రక్తం పోతుంది, దాంతోపాటే ఇనుమూ పోతుంది. హిమోగ్లోబిన్ తగ్గితే నిన్న వచ్చిన టైమింగ్ ఇవాళ రాదు. శ్రద్ధ తగ్గిందని తిట్టే ముందు రక్తపరీక్ష చేయించండి. రాగి సంగటిలోకి ఆకుకూర పప్పు, ఒక గుడ్డు, కాస్త నిమ్మరసం ఉంటే మంచిది. నిమ్మలోని విటమిన్ సి వల్ల ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ మాత్రం వద్దు. నెలసరి నెలల తరబడి ఆగిపోతే, పరుగెత్తే పిల్లకు అది మామూలేనని సరిపెట్టుకోకండి. చేస్తున్న శ్రమకు తిండి చాలకపోయినా అలా జరుగుతుంది. వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. తెల్లవారుజామున మన ఊరి మైదానాల్లో రౌండ్లు కొట్టే కుర్రాళ్లలో చాలామంది గురి 1600 మీటర్లు. కానిస్టేబుల్ ఎంపికలో మగవారు దాన్ని 8 నిమిషాల్లో పూర్తిచేయాలి. సైన్యం ర్యాలీలో గడువు ఇంకా తక్కువ. వానను నమ్ముకుని వేరుశనగ వేసే ఇంట్లో నెలజీతం విలువేమిటో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఉద్యోగం కోసం పరుగెత్తేవాడిని చిన్నచూపు చూసే క్రీడాభిమానులంటే నాకు చిరాకు. నా బాధంతా ఆర్డరు చేతికి వచ్చిన మర్నాటి గురించే. ఆ రోజే బూట్లు అటకెక్కుతాయి. 1500 మీటర్లను నాలుగున్నర నిమిషాల్లో పరుగెత్తే కుర్రాడు అదే వేగంతో 1600 మీటర్లను 4 నిమిషాల 48 సెకన్లలో ముగిస్తాడు. అంతటివాడు పందొమ్మిదేళ్లకే ఆగిపోతున్నాడు.

మన దేశంలో ఈ పరుగుకు పేరు తెచ్చినవారిలో సైనికులున్నారు. శ్రీరామ్ సింగ్ రాజ్‌పుతానా రైఫిల్స్ జవాను. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ 800 మీటర్ల ఫైనల్లో మొదటి రౌండులో ఆయనే ముందున్నాడు. చివరికి క్యూబాకు చెందిన హువాంటొరేనా ప్రపంచ రికార్డుతో గెలిచాడు, శ్రీరామ్ సింగ్ ఏడో స్థానంలో వచ్చాడు. ఆయన సమయం 1 నిమిషం 45.77 సెకన్లు భారత రికార్డుగా 42 ఏళ్లు నిలిచింది. 2018లో దాన్ని చెరిపిన జిన్సన్ జాన్సన్ కూడా సైనికుడే, అప్పుడతని వయసు 27. అదే ఏడాది జకార్తా ఆసియా క్రీడల్లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచాడు. మన ఊరి లెక్కలో అతడు ఎనిమిదేళ్ల కిందటే మానేసి ఉండాలి!

బ్రిటన్‌కు చెందిన కెల్లీ హోమ్స్ 1983లో ఇంగ్లండ్ పాఠశాలల 1500 మీటర్ల విజేత. బడి అయిపోయాక చిన్నచిన్న ఉద్యోగాలు చేసి, సైన్యంలో చేరి, లారీ నడిపి, తర్వాత వ్యాయామ శిక్షకురాలైంది. పెద్ద పోటీలను పక్కన పెట్టేసింది. 1992 ఒలింపిక్స్‌ను టీవీలో చూస్తుంటే, చిన్నప్పుడు తాను ఓడించిన అమ్మాయి ట్రాక్ మీద కనిపించింది. మళ్లీ పట్టుదలగా మొదలుపెట్టింది. ఎన్నో గాయాల తర్వాత 2004 ఏథెన్స్‌లో, 34 ఏళ్ల వయసులో, 800, 1500 రెండింటిలోనూ స్వర్ణం గెలిచింది. మన దగ్గర ఆ వయసు స్త్రీ మైదానానికి వస్తే "పాపను దించడానికి వచ్చారా అమ్మా" అని అడుగుతాం.

పీఈటీ మిత్రులకు ఒక పని అప్పగిస్తున్నాను. ఉద్యోగాల్లో చేరిన మీ పాత విద్యార్థుల ఫోను నంబర్లు వెతికి పట్టుకోండి. పోలీసు, రైల్వే, సైన్యం, అన్నింటికీ సొంత క్రీడాపోటీలున్నాయి. వాటికి ఎంపికలు ఎప్పుడో, అనుమతికి అర్జీ ఎలా పెట్టుకోవాలో కొత్తగా చేరినవారికి చాలాసార్లు తెలియదు. ఇక్కడ చివరి వరుసలో ఇద్దరు కానిస్టేబుల్ సోదరులు కూర్చున్నారు. ప్రశ్నలు తర్వాత తీసుకుందాం, ముందు వారిని మైకు దగ్గరకు రమ్మంటున్నాను.