షెనండోవాలో స్మాల్‌మౌత్ బాస్ పట్టాలంటే ఏ ఫ్లై? నాలుగింటి రివ్యూ, వాడే పద్ధతితో సహా

నమస్తే అండి. బల్ల మీద నాలుగు ఫ్లైలున్నాయి చూడండి: పాపర్, క్లౌజర్ మినో, ఊలీ బగ్గర్, క్రేఫిష్. ఫ్లై అంటే ఈకలు, వెంట్రుకలు లాంటివాటితో గాలానికి కట్టిన నకిలీ ఎర. నాలుగూ స్మాల్‌మౌత్ బాస్ అనే చేప కోసమే. ఏది కొనాలో చివరిదాకా దాచను. ఒక్కటే కొనేట్టయితే క్లౌజర్ కొనండి. అయితే ఏ ఫ్లై కట్టారన్న దానికంటే అది ఎంత లోతులో, ఎంత వేగంతో పోతోందన్నది ఈ చేపకి ఎక్కువ పట్టింపు. అందుకే మార్కులేసి వదిలేయకుండా ఒక్కోదాన్ని నీళ్లలో ఎలా నడపాలో కూడా చెప్తాను.

ఏరు వర్జీనియాలోని షెనండోవా. ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉండే మనవాళ్లకి ఫ్రంట్ రాయల్ కారులో దాదాపు గంట. ఏటి రెండు పాయలు, నార్త్ ఫోర్క్, సౌత్ ఫోర్క్, కలిసేది అక్కడే. అన్నట్టు, స్మాల్‌మౌత్ ఇక్కడి సొంత చేప కాదు. 1854లో ఒహాయో నది వైపు నుంచి బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలింజను నీళ్ల ట్యాంకులో తెచ్చి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దగ్గర వదిలారు. అక్కడి నుంచి, షెనండోవా వెళ్లి కలిసే పొటోమాక్ నది అంతా పాకింది.

సామాను గురించి రెండు ముక్కలు. 9 అడుగుల, 6 వెయిట్ రాడ్ చాలు (వెయిట్ అంకె పెరిగేకొద్దీ రాడ్ మోసే లైన్ బరువు పెరుగుతుంది). పెద్ద పాపర్లు వేస్తే, గాలి ఎక్కువుంటే 7 వెయిట్ హాయిగా ఉంటుంది. లైన్ వెయిట్ ఫార్వర్డ్ ఫ్లోటింగ్, ముందు భాగం బరువుగా ఉన్నది తీసుకోండి. మన ఊళ్లో గాలం వేస్తే సీసం బరువు దారాన్ని లాక్కెళ్తుంది కదా, ఇక్కడ లైన్ బరువే ఫ్లైని మోసుకెళ్లాలి. ట్రౌట్ కోసం కొన్న సన్న లైన్ తడిసిన క్లౌజర్‌ని మోయలేదు. లైన్ కొసకి కట్టే సన్న దారం, అంటే లీడర్, ఏడున్నర నుంచి 9 అడుగులు.

ఇక చేప ఎక్కడుంటుంది? వడిగా పారే నీళ్ల మధ్యలో కాదు, వడి నీరూ నెమ్మది నీరూ ఆనుకునే గీత మీద. బండరాయి వెనక సుడి అందరికీ కనిపిస్తుంది. బండకి ముందు, నీళ్లు కొట్టుకుని కాస్త ఆగే చోటు మాత్రం చాలామంది వదిలేస్తారు. షెనండోవాలో ఏటికి అడ్డంగా రాతి మెట్లుంటాయి. ఒక్కో మెట్టు దిగువన నీళ్లు ఒక్కసారిగా లోతెక్కుతాయి. అలాంటిచోట ఒకసారి వేసి ముందుకెళ్లకండి, మెట్టు పొడవునా అడుగడుగుకీ ఒక కాస్ట్ పడాలి.

ముందు పాపర్, అంటే నీటి మీద తేలుతూ చప్పుడు చేసే ఫ్లై, ఎందుకంటే సరదా అంతా దీనిలోనే ఉంది. నీళ్లు 65 ఫారెన్‌హీట్, అంటే దాదాపు 18 సెల్సియస్ దాటాక పైకి వచ్చి తినడం మొదలవుతుంది. తెల్లవారుజామున, సాయంత్రం నీడ పడ్డాక, గడ్డి అంచున వేయండి. అంచుకి అడుగు లోపల పడాలి. మూడడుగుల దూరంలో పడితే సగం అవకాశం పోయినట్టే.

పడగానే లాగకండి. నీటి మీద వలయాలు పూర్తిగా కరిగేదాకా ఆగండి. తర్వాత లైన్‌ని రెండు అంగుళాలు చిన్నగా లాగి మళ్లీ ఆగండి. స్మాల్‌మౌత్ చాలాసార్లు కొట్టేది పాపర్ కదలకుండా ఉన్నప్పుడే. చిక్కేమిటంటే, పారే నీళ్లలో అది కదలకుండా ఉండదు. మీకూ పాపర్‌కీ మధ్య ఉన్న వడి లైన్‌ని పట్టుకుని దిగువకి ఈడ్చేస్తుంది, పాపర్ పడవలా గీత గీసుకుంటూ పోతుంది. అందుకే లైన్ నీళ్ల మీద పడిన మరుక్షణం మెండ్ చేయాలి. రాడ్ కొసతో లైన్ నడుమభాగాన్ని ఎత్తి ఎగువకి తిప్పి వేయడమే మెండ్. అలా మూడు నాలుగు సెకన్లు సంపాదిస్తారు. ఆ కాసేపు చాలు.

ఇంకో తప్పు: నీళ్లు చిమ్మగానే రాడ్ పైకెత్తడం. పాపర్ గాల్లోకి లేచి మీ మీదకే వస్తుంది. లైన్‌లో బరువు తెలిసేదాకా ఆగి, లైన్ పట్టుకున్న చేత్తో గట్టిగా లాగండి. రాడ్ తర్వాత ఎత్తొచ్చు.

కొనేటప్పుడు గాలం మొనకీ పాపర్ ఒంటికీ మధ్య ఖాళీ చూడండి. చవక రకాల్లో ఒళ్లు లావుగా ఉండి ఆ ఖాళీని మింగేస్తుంది, చేప నోట్లోకి వెళ్లినా మొన దిగదు. రబ్బరు కాళ్లు మరీ పొడుగుంటే చేప కాళ్లు పట్టుకుని వదిలేస్తుంది, కాస్త కత్తిరించండి. టిప్పెట్, అంటే ఫ్లై కట్టే లీడర్ చివరి ముక్క, 0ఎక్స్ లేదా 1ఎక్స్ (ఈ అంకె పెరిగితే దారం సన్నబడుతుంది). అంతకంటే సన్నగా కడితే పాపర్ గాల్లో గిరగిరా తిరిగి దారం మెలిపడుతుంది. ఆగస్టు, సెప్టెంబర్‌లో నీళ్లు తగ్గి అద్దంలా తేలితే పాపర్ చప్పుడుకే చేపలు బెదురుతాయి. అప్పుడు ముందు భాగం కోసుగా ఉండే స్లైడర్ రకం మేలు.

తర్వాత క్లౌజర్ మినో. పెన్సిల్వేనియాలో సస్క్వెహన్నా నది స్మాల్‌మౌత్ కోసమే బాబ్ క్లౌజర్ 1980ల్లో కట్టిన ఫ్లై ఇది. దీనిలో కిటుకంతా కళ్లలో ఉంది. డంబెల్ ఆకారపు సీసం కళ్లను గాలం కాడకి పైవైపున కట్టడంతో నీళ్లలో ఫ్లై తలకిందులై మొన పైకి తిరుగుతుంది. రాళ్లకి తక్కువగా చిక్కుకుంటుంది. లాగితే ముందుకి వస్తుంది, ఆపితే తల వంచి కిందికి దిగుతుంది. చేప కొట్టేది ఆ దిగేటప్పుడే.

కొట్లో దొరికే క్లౌజర్లలో ఎక్కువభాగం వెంట్రుకలు దట్టంగా కట్టినవి. చూడ్డానికి నిండుగా ఉంటాయి, నీళ్లలో దిగవు. వెలుతురుకి పట్టి చూడండి. బక్‌టెయిల్, అంటే ఆ జింక తోక వెంట్రుకల గుండా అవతలి వెలుతురు కనిపించాలి. కనిపించకపోతే ఇంటికొచ్చి మూడోవంతు కత్తిరించేయండి, ఏం నష్టం లేదు.

కళ్ల బరువు లోతుని బట్టి. రెండు మూడడుగుల నీళ్లకి ఔన్సులో 50వ వంతు, నాలుగైదు అడుగులకి 36వ వంతు, ఇంకా లోతైతే, వడి ఎక్కువైతే 24వ వంతు. గాలం సైజు 4, టిప్పెట్ 8 నుంచి 10 పౌండ్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్ దారం. ముడి మాత్రం కన్నానికి బిగుసుకునేది వద్దు, నాన్-స్లిప్ లూప్ వేయండి. 10 పౌండ్ల దారానికి ఐదు చుట్లు, తడిపి బిగించాలి. బిగుతు ముడి వేస్తే ఫ్లై తల వంచడం మానేసి కర్రలా దిగుతుంది. అప్పుడు క్లౌజర్ కొన్న డబ్బులు దండగ.

నడిపే పద్ధతి ఇదీ. ఏటికి అడ్డంగా, కొంచెం ఎగువకి వేయండి. మూడు లెక్కపెట్టి దిగనివ్వండి. రాడ్ కొస నీళ్లకి తాకేంత కిందికి, ఫ్లై వైపే చూస్తుండాలి. ఆరేడు అంగుళాలు లాగి రెండు సెకన్లు ఆపండి. మళ్లీ లాగండి. ఆపినప్పుడు లైన్ వదులైపోతే కొట్టిన సంగతే తెలియదు. రాడ్ కొసని ఎత్తి పెట్టుకునేవాళ్లకి జరిగేది అదే: కొసకీ నీటికీ మధ్య లైన్ వేలాడుతుంది, చేప ఫ్లైని నోట్లో పెట్టుకుని ఉమ్మేసినా చేతికి అందదు. లాగినప్పుడల్లా ఏమీ తగలకుండా వస్తోందంటే వేగం తగ్గించండి, రంగు తర్వాత మార్చుకోవచ్చు.

ఇంకో మాట. ఈ సీసం కళ్లు తల వెనక తగిలితే గట్టి దెబ్బే. వెనక్కి వేసేటప్పుడు పక్కగా, కిందగా వేసి, ముందుకి తలపై నుంచి తీసుకురండి. గాల్లో గుండ్రంగా తిరగాలన్నమాట. మధ్యలో ఊపులు ఒకటికి మించకూడదు. టోపీ, కళ్లద్దాలు లేకుండా క్లౌజర్ వేయకండి.

ఊలీ బగ్గర్ గురించి త్వరగా చెప్పేస్తాను. ఇది కూడా పెన్సిల్వేనియాదే, రసెల్ బ్లెసింగ్ కట్టింది. రాళ్ల కింద బతికే హెల్‌గ్రమైట్ అనే నల్లటి పురుగుని తలపిస్తుంది. నలుపు, సైజు 6, పూస తల ఉన్నది కొనండి. ఎగువకి వేసి నీటి వేగంతోనే కొట్టుకుపోనివ్వండి, మీ దిగువకి వచ్చాక లైన్ బిగిసి అడ్డంగా తిరుగుతుంది. కొట్టేది తరచుగా ఆ తిరిగే చివర్లోనే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి దీనికంటే ఓపికైన ఫ్లై లేదు. తోక మాత్రం గాలం కాడంత పొడవే ఉండాలి. ఎక్కువైతే చేప తోక కొరికి పోతుంది. కత్తెరతో కాదు, గోళ్లతో గిల్లండి, కొస సహజంగా ఉంటుంది.

క్రేఫిష్ అంటే రొయ్యలాంటి మంచినీటి డెక్కల జీవి. దాన్ని పోలిన ఫ్లై విషయంలో నేను కాస్త కఠినంగానే ఉంటాను. పెద్ద చేపలకి ఇష్టమైన తిండి ఇదే, ఒప్పుకుంటాను. కానీ అమ్మేవాటిలో చాలావాటికి డెక్కలు కొట్టొచ్చినట్టు పెద్దవి. అవి గాల్లో తిరిగి దారాన్ని మెలిపెడతాయి, నీళ్లలో గొడుగులా ఆపి ఫ్లైని అడుగుకి దిగనివ్వవు. అడుగుని తాకకుండా పోయే క్రేఫిష్‌తో పని లేదు. చిన్న డెక్కలు, గోధుమ రంగు లేదా ముదురు ఆలివ్ తీసుకోండి. ఎర్రటివి ఎందుకమ్ముతారో మరి, ఆ రంగు ఉడికించాక ప్లేట్లో కనిపించేది. నెమ్మది మడుగులో వేసి, అడుగుకి తగిలాక చిన్నగా రెండు లాగుళ్లు, ఐదు సెకన్లు నిశ్శబ్దం. రాళ్లలో పోగొట్టుకునేది కూడా అన్నిటికంటే దీన్నే, కాబట్టి ఖరీదైనది కొనకండి.

నీళ్లు 50 ఫారెన్‌హీట్ కిందికి పడితే చేప కదలడం బాగా తగ్గిపోతుంది. అప్పుడు బగ్గర్, క్రేఫిష్ మాత్రమే, అదీ లోతు మడుగుల్లో. 60 దాటాక గూళ్లు పెడతాయి. మగచేప గుడ్లకి కాపలా కాస్తూ దగ్గరికొచ్చిన దేన్నైనా కొడుతుంది. కంకరలో పళ్లెంలాంటి తెల్లటి గుంత, దాని మీద చేప కనిపిస్తే పక్కకి వెళ్లిపోండి. దాన్ని పైకి తీసిన కాసేపట్లోనే వేరే చేపలు గుడ్లు తినేస్తాయి.

ఏట్లో దిగేముందు యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) నీటిమట్టం గేజ్ చూసుకోండి. నీటిమట్టం పెరుగుతూ ఉంటే ఆ రోజుకి వద్దు. రాళ్ల మీద పాచి బాగా జారుతుంది, అయినా ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని లాంటి బట్ట) అడుగుల బూట్లు కొనకండి. పక్క రాష్ట్రం మేరీలాండ్‌లో వాటికి 2011 నుంచి నిషేధం. మేకులున్న రబ్బరు అడుగులు తీసుకోండి. వర్జీనియాలో 16 ఏళ్లు నిండినవాళ్లకి లైసెన్స్ ఉండాలి.

డబ్బాలో ఏం పెట్టుకోవాలంటే: ఆలివ్-తెలుపు క్లౌజర్లు ఆరు, మూడు తేలిక కళ్లవి, మూడు బరువువి. నీళ్లు కాస్త బురదగా ఉన్నప్పటికి నిమ్మపచ్చ-తెలుపు రెండు. నల్ల బగ్గర్లు మూడు, పాపర్లు రెండు, స్లైడర్ ఒకటి. క్రేఫిష్ రెండు చాలు. గాలాల మొన దగ్గరుండే ఎదురుముళ్లన్నీ ప్లయర్‌తో నొక్కేయండి. రాయికి తగిలిన ప్రతిసారీ మొనని బొటనవేలి గోరు మీద ఆనించి చూడండి. జారిపోతే మొద్దుబారినట్టు, ఆకురాయితో రెండు మూడు గీతలు గీసి అప్పుడు వేయండి.